నిలిచియున్నది కడలి

భీమునిపట్నంలో పున్నమి నాటి సాయంత్రం ఇసుకలో కూర్చున్నవారికి చంద్రుడు ఎక్కడి నుంచి వస్తాడన్న సందేహం ఎన్నడూ కలగదు. ఊరి వెనుక కొండల వైపు సూర్యుడు దిగిపోతూ ఉంటాడు, ఎదురుగా నీటి అంచు మీద ఏదో నిప్పు అంటుకున్నట్టు ఒక ఎర్రని గీత కనబడుతుంది, ఆ గీత చూస్తుండగానే వంపు తిరిగి, బరువుగా, తడిసిన ఒంటితో పైకి లేచినట్టు చంద్రబింబం లేస్తుంది. మన తీరం తూర్పుముఖంగా ఉండడం వల్ల మనకు కలిగిన భాగ్యం ఇది. పడమటి తీరంలో ఉన్నవారికి చంద్రుడు సముద్రంలోకి దిగిపోతాడు, మనకు సముద్రంలో నుంచి పుడతాడు. క్షీరసాగర మథనంలో చంద్రుడు పుట్టాడన్న కథను మాకు చిన్నప్పుడు ఎవరూ నమ్మించవలసిన పని లేకపోయింది, నెలనెలా కళ్ళారా చూసేవాళ్ళం.

1985లో నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఆ రోజుల్లో ప్రతి పున్నమికి మా నాన్నగారు, ఆయన స్నేహితులు ఏడెనిమిది మంది దీపస్తంభానికి కొంత దూరంలో, గోస్తని నది సముద్రంలో కలిసే వైపు, ఇసుక మీద దుప్పట్లు పరుచుకుని కూర్చునేవారు. దానికి పేరు లేదు, అధ్యక్షుడు లేడు, చందా లేదు. ఒక విశ్రాంత తెలుగు పండితుడు, ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పే మాస్టారు, ఒక బట్టల దుకాణం యజమాని, తపాలా కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసే కవిగారు వీరిలో ముఖ్యులు. దగ్గరలోనే వల బాగుచేసుకుంటూ ఒక జాలారి పెద్దాయన కూర్చునేవాడు. మొదట్లో ఆయన వినేవాడు మాత్రమే, తరువాత తరువాత ఆయన లేకపోతే సభ మొదలయ్యేది కాదు. నాన్నగారు ఇంటి నుంచి మరమరాలు, వేయించిన వేరుశనగపప్పు కలిపి పెద్ద డబ్బా నిండా తెచ్చేవారు. వెన్నెల ఎంత కాసినా కాగితం మీద రాత చదవడానికి చాలదు కనుక ఒక హరికేన్ లాంతరు కూడా వచ్చేది. గాలికి దాని మంట కొట్టుకోకుండా గొడుగు అడ్డుపెట్టి పట్టుకోవడం నా పని, అందువల్లనే నాకు ఆ సభలో చోటు దొరికింది.

ఆ ఏడాది మాఘ పున్నమి నాడు కవిగారు ఒక గేయం రాసి తెచ్చారు. తెల్లకాగితాల మధ్య కార్బన్ పెట్టి, బాల్ పెన్నుతో గట్టిగా ఒత్తి రాసి, మొత్తం ఆరు ప్రతులు తీశారు. పెద్దలకు పంచగా అన్నిటికన్నా అడుగున ఉన్న ఆరో ప్రతి నాకు వచ్చింది. అందులో అక్షరాలు పొగలాగా ఉన్నాయి. "ఇంటికి వెళ్ళాక దీని మీద సిరాతో దిద్దుకో అమ్మా, నీకు పాఠం కూడా వస్తుంది" అన్నారు కవిగారు. అలాగే దిద్దుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది, మడతల దగ్గర చిరిగితే వెనుక సన్నని కాగితం అంటించాను.

గేయం మొత్తం పదహారు పాదాలు. పొద్దు వాలిన తరువాత ఇసుక చల్లబడడంతో మొదలవుతుంది. తరువాత నీటి అంచున చంద్రుడు కనిపించడం, ఆకాశం ఆ బిడ్డను మెల్లగా పైకి ఎత్తుకోవడం, సముద్రం అలలు అలలుగా పైకి లేవడం వస్తాయి. అన్నిటికీ గుండెకాయ వంటి రెండు పాదాలు ఇవి:

"అలల చేతుల సాచి అడుగుచున్నది కడలి
ఎత్తుకొని ముద్దాడ నిమ్మనుచు గగనమును"

కవిగారిది సన్నని గొంతు, పాడడం రాదు, కానీ ఐదేసి మాత్రల నడకను ఆయన పట్టి చదివిన తీరు నా చెవుల్లో ఇంకా ఉంది. అలల చే, తుల సాచి, అడుగుచు, న్నది కడలి అని ఒక్కొక్క తునక దగ్గర ఒక రవ్వంత ఆగేవారు. ఆ ఆగిన చోట ఎదురుగా ఉన్న సముద్రం అందుకునేది. అల ఒకటి విరిగి, నురగగా పరుచుకుని, ఇసుకలో ఇంకుతున్న చప్పుడు పాదానికీ పాదానికీ మధ్య సరిగ్గా వచ్చి పడినట్టు అనిపించేది. నిజంగా అంత సరిగ్గా పడిందా అంటే ఇప్పుడు ప్రమాణం చేయలేను గాని, గొడుగు పట్టుకున్న నా చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడిన సంగతి మాత్రం నిజం.

చదవడం పూర్తి కాగానే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మొదట పండితులవారు అందుకున్నారు. ఆయనకు సంతోషం కలిగితే సరాసరి బాగుందని అనడం అలవాటు లేదు, ఎక్కడెక్కడి పద్యాలో తెచ్చి ఆ కొత్త కవిత పక్కన కూర్చోబెట్టేవారు. అదే ఆయన మెచ్చుకోలు. సంస్కృత ఆలంకారికుడు దండి మహాకావ్యానికి లక్షణం చెబుతూ "నగరార్ణవ శైలర్తు చంద్రార్కోదయ వర్ణనైః" అన్నాడని, కావ్యంలో ఉండవలసిన వర్ణనల జాబితాలో సముద్రమూ చంద్రోదయమూ మొదటి వరుసలోనే ఉన్నాయని చెప్పారు. ఆ జాబితా వల్ల మనవాళ్ళలో ఎందరో సముద్రాన్ని చూడకుండానే వర్ణించారని, ఈ గేయం రాసినవాడు మాత్రం రోజూ చూసి రాశాడని అన్నారు. ఆదిపర్వంలో కద్రువా వినతా సముద్రతీరానికి వెళ్ళే ఘట్టంలో నన్నయ చెప్పిన "వివిధోత్తుంగ తరంగ ఘట్టిత" అన్న పద్యాన్ని ఎత్తుకుని, లకారాలన్నీ ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ రాగా చివరిదాకా చదివారు. ఆ పద్యంలో ఉన్నది ఒడ్డు మీద తీగల నాట్యమనీ, ఈ గేయంలో ఉన్నది నీటి లోపలి ఆరాటమనీ తేడా చూపించారు.

అక్కడితో ఊరుకోలేదు. కుమారసంభవం మూడో సర్గలో, మన్మథుడు బాణం తొడిగిన క్షణంలో, ఎదురుగా ఉన్న పార్వతిని చూసి శివుడి ధైర్యం కొద్దిగా సడలిందని చెప్పడానికి కాళిదాసు "చంద్రోదయారంభ ఇవాంబురాశిః" అని పోల్చాడు. ఆ ఒక్క పోలికను పండితులవారు పావుగంట సేపు విప్పి చెప్పారు. చంద్రోదయం అనలేదట, చంద్రోదయారంభం అన్నాడట. అంటే బింబం పూర్తిగా పైకి రాకముందే, వస్తున్నాడన్న కబురు మాత్రమే అందిన సముద్రం. పైకి ఇంకా ఏమీ కనబడదు, లోపల మాత్రం ఒక కదలిక. మహాయోగి మనస్సుకు తగిన పోలిక ఇంతకన్నా లేదని ఆయన చెబుతుంటే మేమంతా తలలు తిప్పి సముద్రం వైపు చూశాం. ఒక శ్లోకానికి ఎదురుగా దాని ఉపమానమే పరుచుకుని ఉండగా అర్థం విన్న అదృష్టం నాకు మళ్ళీ కలగలేదు.

తరువాత మాట్లాడినవాడు జాలారి పెద్దాయన. గేయంలో చంద్రుడు మొదట వెండి పళ్ళెం వలె పైకి వస్తాడు. ఆయన వల పక్కన పెట్టి, మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పాడు. "బాబూ, పుట్టినప్పుడు సెంద్రుడు తెల్లగుండడు. పారాణి రంగుంటాడు. రెండు బారలు పైకెక్కినాకే తెలుపు." కవిగారు వెంటనే జేబులో నుంచి పెన్ను తీసి వెండి పళ్ళెం కొట్టేశారు. తరువాతి నెల ఆ చోట పారాణి పాదాలు వచ్చాయి. నీళ్ళలో నుంచి పైకి వచ్చే చంద్రుడికి పసిబిడ్డ పాదాల పారాణి ఎంత చక్కగా అమరిందో, ఆ మాట ఇచ్చినవాడు గేయం ఏ గతిలో ఉందో తెలియనివాడు.

పెద్దాయన అంతటితో ఆపలేదు. ఆయన మనసులో అసలు సందేహం వేరే ఉంది. కొడుకును చూసి సముద్రం పొంగుతుందని పాటలో ఉంది, పండితులవారూ అదే చెప్పారు. "పున్నమికీ పోటెక్కువే, అమాసకీ పోటెక్కువే బాబూ. అమాస నాడు సెంద్రుడే లేడు గదా. మరి ఎవుల కోసం పొంగుతాది?" అని అడిగాడు.

సభ అంతా ఒక్క క్షణం ఆగిపోయింది. ఇంతకాలంగా కవులు చెబుతూ వచ్చిన పోలికను బతుకంతా సముద్రం మీద గడిపిన మనిషి ఒక్క ప్రశ్నతో పట్టుకున్నాడు. సైన్సు మాస్టారు ఇసుక మీద మూడు గుండ్రాలు గీసి వివరించారు. పున్నమికి భూమికి ఒక పక్క సూర్యుడూ మరో పక్క చంద్రుడూ ఉంటారనీ, అమావాస్యకు ఇద్దరూ ఒకే పక్క ఉంటారనీ, రెండు రోజుల్లోనూ ముగ్గురూ దాదాపు ఒక వరుసలో ఉండడం వల్ల ఇద్దరి ఆకర్షణా కలిసి నీటిని ఎక్కువగా లాగుతుందనీ, అష్టమి నాటికి ఆ రెండూ అడ్డంగా పడి పోటు తగ్గుతుందనీ చెప్పారు. చంద్రుడు కనిపించిన క్షణానికీ నీరు నిండుగా వచ్చే క్షణానికీ కూడా వ్యవధి ఉంటుందని, అది ఒక్కో తీరానికి ఒక్కో విధంగా ఉంటుందని అన్నారు. పెద్దాయన అష్టమి మాటకు తల ఊపాడు, అది ఆయనకు వలల వల్లనే తెలుసు. కవిగారి ముఖం మాత్రం చిన్నబోయింది. గేయానికి ఉన్న ఆధారమే కదిలిపోయిందని ఆయన అనుకున్నట్టున్నారు.

అప్పుడు వినబడింది మా మేనత్త గొంతు.

అత్త నాన్నగారికి అక్క. మాఘ పున్నమి సముద్ర స్నానానికి ఆ ఉదయమే మా ఇంటికి వచ్చింది. సాయంత్రం నాన్నగారు "ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావక్కా, నువ్వూ రా" అంటే వచ్చి, దుప్పటి చివర, లాంతరు వెలుగు అందని చోట కూర్చుంది. అంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. చీకటిలో నుంచి మెల్లగా అంది: "కనబడనంత మాత్రాన లేకుండా పోతాడా? ఉన్నాడని సముద్రానికి తెలుసు కదా."

సైన్సు మాస్టారు గీసిన మూడు గుండ్రాలకు ఇంతకన్నా సరైన వ్యాఖ్య ఉండదు. అమావాస్య నాడు చంద్రుడు ఉన్నాడు, మన కంటికి లేడు, అంతే. మాస్టారు అలాగే అన్నారు కూడా, "అమ్మగారు చెప్పిందే అసలు శాస్త్రం" అని. కానీ నాన్నగారు తల వంచుకున్నారు. అది శాస్త్రం కాదని తెలిసినవాళ్ళం అక్కడ ఇద్దరమే, నాన్నగారూ నేనూ.

అత్తకు ఇద్దరు కొడుకులు. చిన్నవాడికి రెండేళ్ళప్పుడు, పిల్లలు లేని తన బావగారికి, తోడికోడలికి దత్తత ఇచ్చింది. ఇంట్లో పెద్దలందరూ కూర్చుని నిర్ణయించారు, ఆమె కాదనలేదు. వాళ్ళు విజయనగరంలో ఉండేవారు. పిల్లవాణ్ణి ప్రాణంగా పెంచారు, ఆ మాటలో ఎవరికీ సందేహం లేదు. సంక్రాంతికి ఒకసారి, వేసవి సెలవుల్లో ఒకసారి వాడు వచ్చేవాడు. వచ్చి, కన్నతల్లిని వరస ప్రకారం "పిన్నీ" అని పిలిచేవాడు. ఆ పిలుపుకు అత్త పలికే తీరును నేను చిన్నతనం నుంచి చూస్తూనే ఉన్నాను. తక్కిన పిల్లలు పిలిస్తే పని చేసుకుంటూనే పలికేది. వాడు పిలిస్తే చేతిలో ఉన్నది కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, అప్పుడు పలికేది.

కవిగారికి ఈ సంగతులేవీ తెలియవు. తన గేయానికి ప్రాణం పోసిన మనిషి అన్న కృతజ్ఞతతో, "గేయం మీకెలా ఉందమ్మా?" అని అడిగారు. అత్త వెంటనే చెప్పలేదు. కాసేపటికి, "బాగుందండీ. ఆ తల్లి..." అని ఏదో అనబోయింది. పండితులవారు ప్రేమగానే అడ్డు వచ్చి, సముద్రుడు తండ్రి అవుతాడమ్మా, లక్ష్మీదేవికీ చంద్రుడికీ ఆయనే తండ్రి, అందుకే లోకమాతకు తోబుట్టువైన చంద్రుణ్ణి మనం మామ అంటాం అని చెప్పారు. అత్త మాట మింగేసింది. అప్పుడు కవిగారు అన్న మాట నాకు ఎంతో ఇష్టం: "సముద్రుడైతే తండ్రేనండీ. నేను కడలి అన్నాను. తెలుగులో అది అడుగుచున్నది అంటాం, ఆమె అడుగుచున్నది అన్నా క్రియ అదే. అమ్మగారు తల్లిగా వింటే తల్లే." పండితులవారు ఒక నిమిషం ఆలోచించి, "ఇది నాకు తట్టలేదు" అన్నారు. అంత చదివిన మనిషి అంత మంది ఎదుట ఆ మాట అనడం ఎంత గొప్ప సంస్కారమో ఇప్పుడు నాకు బాగా తెలుస్తుంది.

ఆ తరువాత అత్త తన మాట పూర్తి చేసింది. "తల్లే అయితే, అడగదండీ. ఇచ్చిన బిడ్డను మళ్ళీ అడగకూడదు కదా. చూస్తూ నిలబడుతుంది, అంతే."

ఎవరూ ఏమీ అనలేదు. లాంతరు వత్తి కొంచెం పొగ పట్టింది, నాన్నగారు వంగి దాన్ని తగ్గించారు. ఆయన చేయి వణికింది.

ఫాల్గుణ పున్నమికి కవిగారు ఆ రెండు పాదాలను ఇలా దిద్ది తెచ్చారు:

"అలల చేతుల సాచి నిలిచియున్నది కడలి
ఎత్తుకొని ముద్దాడు నింగినే చూచుచును"

చేతులు చాచడం అలాగే ఉంది, అడగడం పోయింది. మొదటి పాఠంలో ఆకాశం ఇవ్వవలసిన చోట ఉంటే, ఇప్పుడు ఆకాశం బిడ్డను ముద్దాడుతూ ఉంది. పెంచిన తల్లి ప్రేమను కూడా ఆ పాదంలో ఎవరూ తక్కువ చేయలేదు. పండితులవారు విని, మొదటి పాఠంలో అకారానికి అకారం, ఎకారానికి ఇకారం చక్కగా యతి కుదిరాయని, ఇప్పుడు రెండు పాదాల్లోనూ యతి పోయిందని చెప్పారు. "తెలుసునండీ. రెండు రాత్రులు వెతికాను. ఆ అర్థం చెడకుండా కుదరలేదు, వదిలేశాను" అన్నారు కవిగారు. పండితులవారు తన ప్రతి మీద తన చేతితోనే పాత మాటలు కొట్టేసి కొత్తవి రాసుకున్నారు. నేను నా ప్రతి మీద పెన్సిలుతో దిద్దుకున్నాను. సిరా మీద పెన్సిలు గీత పెట్టడం వల్ల కొట్టేసిన మాట ఇప్పటికీ స్పష్టంగా చదవవచ్చు.

ఆ నడుమ వచ్చిన అమావాస్య నాడు అత్త మా ఇంట్లోనే ఉంది. సాయంత్రం "నాతో ఒడ్డుదాకా వస్తావా?" అని అడిగింది. వెళ్ళాం. చంద్రుడు లేని సముద్రం చూడడానికి ఏమీ ఉండదు, నురగ అంచు ఒకటి చీకటిలో తెల్లగా వచ్చి పోతుంటుంది, చప్పుడు మాత్రం దగ్గరగా వినిపిస్తుంది. పున్నమికి మేము దుప్పట్లు పరిచే చోటు దాటి నీరు వచ్చింది. అత్త చెప్పులు విడిచి, నీరు పాదాల మీదికి వచ్చేదాకా అక్కడే నిలబడింది. నేను ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక పాదాలకు అంటిన ఇసుకను కడుక్కోకుండా చాలాసేపు అరుగు మీద కూర్చుంది.

కవిగారు ఆ గేయాన్ని ఏ పత్రికకూ పంపలేదు. మూడేళ్ళకు ఆయనకు వేరే జిల్లాకు బదిలీ అయింది. కానీ ఆ గేయానికి పాఠకులు తక్కువ కాలేదు. బట్టల దుకాణం యజమాని దాన్ని చిట్టా పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నారు. సైన్సు మాస్టారు పోటూ ఆటూ పాఠం చెప్పే రోజున నల్లబల్ల మీద ఆ రెండు పాదాలు రాసేవారట, ఆయన శిష్యులు ఎందరికో అది నోటికి వచ్చు. ప్రతి మాఘ పున్నమికీ నాన్నగారు పోస్టు కార్డు మీద కవిగారికి ఆ సాయంత్రం చంద్రుడు ఎలా ఉదయించాడో రాసి పంపేవారు. మబ్బు పట్టిన సంవత్సరాల్లో మబ్బు పట్టిందని రాసేవారు. జవాబులో కవిగారు ఎప్పుడూ "అమ్మగారికి నా నమస్కారం చెప్పండి" అని చివరి వాక్యం రాసేవారు. పేరు రాయకపోయినా ఆ నమస్కారం ఎవరికో మా అందరికీ తెలుసు. 2003లో అత్త పోయిన తరువాత నాన్నగారు ఆ కబురు కూడా కార్డు మీదే రాశారు. దానికి జవాబుగా కవిగారు గేయం మొత్తం తన చేతితో మళ్ళీ రాసి పంపారు, ఇంక ఏమీ రాయలేదు.

గత సంవత్సరం చిన్నబావ మా ఇంటికి వచ్చారు. పెంచిన తల్లిదండ్రులిద్దరినీ చివరిదాకా తన దగ్గరే ఉంచుకుని చూసుకున్న మనిషి. ఆయనకూ అరవై దాటాయి. భోజనాలయ్యాక పాత విషయాలు మాట్లాడుకుంటూ ఉండగా పున్నమి గోష్ఠుల ప్రస్తావన వచ్చింది. నేను పెట్టెలో నుంచి ఆ కాగితం తీసి ఇచ్చాను. కళ్ళజోడు మార్చుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి చదివారు. పెన్సిలు గీత దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ ముందు అడుగుచున్నది అని ఉందే. ఎవరు మార్పించారు?"

"అత్త" అన్నాను. ఆ సాయంత్రం జరిగిందంతా, జాలారి పెద్దాయన ప్రశ్న దగ్గర నుంచి అమావాస్య నాటి పోటు దాకా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చెప్పడం అయిపోయాక ఒక తెల్లకాగితం, పెన్ను అడిగారు. సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోవచ్చు కదా బావా అంటే వద్దన్నారు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, పదహారు పాదాలూ నెమ్మదిగా, గుండ్రని అక్షరాలతో రాసుకున్నారు. ఆ పాదం దగ్గరికి వచ్చినప్పుడు ముందు "అడుగుచున్నది" అని పూర్తిగా రాశారు. దాని మీద ఒక గీత గీశారు. పైన "నిలిచియున్నది" అని రాశారు.